యూజర్ల టేబుల్‌లో ఎండీ5ని వదిలించుకున్న డైరీ

చేతిలో ఉన్నది ఇది: పోస్ట్‌గ్రెస్ 16 డేటాబేస్, దాంట్లో యూజర్ల టేబుల్, పాస్‌వర్డ్ కాలమ్ రకం చార్(32), లోపల సాల్ట్ లేని ఎండీ5. (పాస్‌వర్డ్‌ను వెనక్కి తిప్పలేని అక్షరాల వరుసగా మార్చితే అది హ్యాష్; ఎండీ5 అలాంటి పాత, వేగమైన పద్ధతి. హ్యాష్ చేసేముందు పాస్‌వర్డ్‌కి కలిపే యాదృచ్ఛిక ముక్క సాల్ట్.) చేరాల్సిన చోటు: ఒక్కో ఖాతాకు వేరే సాల్ట్‌తో ఆర్గాన్2ఐడీ అనే నెమ్మదైన హ్యాష్. అదీ ఎవరికీ "పాస్‌వర్డ్ మార్చుకోండి" అని మెయిల్ పంపకుండా.

నిజం ఖాతాల మీద ప్రయోగాలు చేయకూడదు కాబట్టి పాత అప్లికేషన్ కోడ్‌నే నడిపి 20,000 ఉత్తుత్తి ఖాతాలు పుట్టించాం. అందులో 1,200 ఖాతాల పాస్‌వర్డ్‌లు తెలుగు లిపిలో ఉన్నాయి. కింది లెక్కలన్నీ ఈ 20,000 మీదే. పనిముట్లు: పైథాన్, ఆర్గాన్2-సీఎఫ్ఎఫ్ఐ లైబ్రరీ, బైట్లు కళ్లతో చూడ్డానికి హెక్స్ డంప్, పాత హ్యాష్‌ల మీద దాడి చేసి చూడ్డానికి హ్యాష్‌క్యాట్.

ఏ అల్గారిథమ్ వాడాలి అన్నది అరపూటలో తేలిపోయింది. మిగతా కాలమంతా హ్యాష్‌లోకి వెళ్లే బైట్ల దగ్గరా, హ్యాష్ మార్చాక మిగిలిపోయిన పాత ముక్కల దగ్గరా పోయింది. డైరీ కూడా అలాగే ఉంటుంది.

దశ 1: ఉన్న గాయం ఎంత లోతు

సాల్ట్ లేకపోతే ఒకే పాస్‌వర్డ్‌కి ఎన్ని ఖాతాలున్నా ఒకే 32 అక్షరాలు వస్తాయి. హ్యాష్ మీద గ్రూప్ బై వేసి, ఎక్కువసార్లు వచ్చినవి పైకి వచ్చేలా పేర్చితే చాలు. పైన తేలిన వరుస ఈ10ఏడీసీ39తో మొదలైతే ఇక వెతకక్కర్లేదు, అది 123456. ఈ పనిలో కొన్నాళ్లు ఉన్నవాళ్లకి ఆ ఎనిమిది అక్షరాలు సొంతూరి పిన్‌కోడ్‌లా నోటికొచ్చేస్తాయి.

వేగం లెక్క ఒకసారి వేసుకోవాలి, లేకపోతే ఈ పని ఎందుకో పై వాళ్లకి చెప్పలేం. ఒక్క ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు మీద హ్యాష్‌క్యాట్ బెంచ్‌మార్క్ ఎండీ5కి సెకనుకు సుమారు 16,400 కోట్ల ప్రయత్నాలు. అదే కార్డు మీద బీక్రిప్ట్ అనే కావాలని నెమ్మదిగా చేసిన హ్యాష్‌కి, కాస్ట్ (ఎంత పని చేయాలో చెప్పే అంకె) 5 దగ్గర సుమారు 1,84,000. కాస్ట్ ఒక మెట్టు ఎక్కితే పని రెట్టింపవుతుంది కాబట్టి కాస్ట్ 12 దగ్గర 128 రెట్లు తగ్గి, సెకనుకు సుమారు 1,440 ప్రయత్నాలకు దిగుతుంది. చిన్న (లోయర్‌కేస్) ఇంగ్లిష్ అక్షరాలు ఎనిమిదితో కట్టగలిగే పాస్‌వర్డ్‌లు 26ను ఎనిమిదిసార్లు గుణిస్తే వచ్చినన్ని, అంటే దాదాపు 20,882 కోట్లు.

- ఎండీ5: మొత్తం తిరగేయడానికి సెకనున్నర కూడా పట్టదు.
- బీక్రిప్ట్ 12: నాలుగున్నరేళ్లు.

పైగా సాల్ట్ లేనప్పుడు ఆ సెకనున్నర ఒక ఖాతాకి కాదు, టేబుల్ మొత్తానికి కలిపి. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి బయటపడ్డ 65 లక్షల సాల్ట్ లేని ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్‌లు అంత తొందరగా కరిగిపోయింది అందుకే. ఇంకో ముక్క: 123456ని ఏ హ్యాషూ కాపాడలేదు, అది మొదటి ప్రయత్నంలోనే దొరుకుతుంది. కొత్త పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు లీకైన పాస్‌వర్డ్‌ల జాబితాతో పోల్చి తిప్పికొట్టే పని వేరుగా పెట్టాం. దాని గురించి ఇక్కడ రాయడం లేదు.

ఇప్పటిదాకా లెక్క: ఒట్టి ఎండీ5 20,000. మార్చినవి 0. పాస్‌వర్డ్ కాలమ్ మొత్తం 6,40,000 అక్షరాలు.

దశ 2: హ్యాషింగ్ డేటాబేస్ లోపల చేసి చూసిన తప్పు

పోస్ట్‌గ్రెస్‌లో పీజీక్రిప్టో ఎక్స్‌టెన్షన్ ఉంది. దాని క్రిప్ట్, జెన్_సాల్ట్ ఫంక్షన్లతో ఒక్క అప్‌డేట్ లైన్‌లో బీక్రిప్ట్ అయిపోతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. రెండు చోట్ల దెబ్బతింది.

మొదటిది చిన్నది. జెన్_సాల్ట్‌కి కాస్ట్ చెప్పకపోతే బ్లోఫిష్‌కి (బీక్రిప్ట్‌కి అక్కడి పేరు) అది వేసుకునే అంకె 6. అంటే 12తో పోలిస్తే 64 రెట్లు చవక. హ్యాష్ చూడ్డానికి మాత్రం బీక్రిప్ట్‌లాగే ఉంటుంది, డాలర్ గుర్తుల మధ్య అంకె చదివితే తప్ప తెలియదు.

రెండోదానికే ఈ దారి వదిలేశాం. సర్వర్‌లో నెమ్మదైన క్వెరీలను పట్టుకోవడానికి లాగ్_మిన్_డ్యూరేషన్_స్టేట్‌మెంట్ 200 మిల్లీసెకన్లకు పెట్టి ఉంది. టెస్ట్ మెషీన్ మీద కాస్ట్ 12 బీక్రిప్ట్ పావు సెకను అటూఇటూ తీసుకుంటోంది. కాబట్టి ప్రతి లాగిన్ క్వెరీ "నెమ్మదైన క్వెరీ" అయింది, ప్రతిదీ లాగ్ ఫైల్లో పడింది, ఫంక్షన్‌కి ఇచ్చిన అసలు పాస్‌వర్డ్‌తో సహా. పారామీటర్లుగా పంపితే దాగుతుందేమో అని చూశాం. కింది డీటెయిల్ లైన్‌లో పారామీటర్ విలువలు కూడా అచ్చవుతున్నాయి. హ్యాష్‌ను ఎంత గట్టిగా చేస్తే లాగ్‌లోకి అంత కచ్చితంగా పాస్‌వర్డ్ చేరుతుందన్నమాట.

లాగ్ సెట్టింగ్ మార్చి సరిపెట్టుకోవచ్చు. కానీ రేపు ఇంకెవరో ఏదో వెతుకుతూ దాన్ని మళ్లీ ఆన్ చేస్తారు. 2018 మేలో ట్విట్టర్ తన 33 కోట్ల మంది యూజర్లనూ పాస్‌వర్డ్ మార్చుకోమని చెప్పింది ఇలాంటి దానికే. వాళ్ల బీక్రిప్ట్‌లో తప్పేం లేదు, హ్యాష్ పూర్తికాకముందే పాస్‌వర్డ్ లోపలి లాగ్‌లో పడింది.

మార్చినవి:

1. హ్యాషింగ్ పూర్తిగా అప్లికేషన్ వైపుకి తెచ్చాం. డేటాబేస్‌కి వెళ్లేది తయారైన హ్యాష్ మాత్రమే.
2. పోలిక కూడా అప్లికేషన్‌లోనే. యూజర్ పేరుతో వరుస తెచ్చుకుని, లైబ్రరీ వెరిఫై ఫంక్షన్‌కి ఇస్తాం.
3. టెస్ట్‌లో లాగ్ హద్దును 0 మిల్లీసెకన్లకు దించి, వంద లాగిన్లు చేసి, లాగ్ ఫైల్లో ఆ వంద పాస్‌వర్డ్‌ల కోసం గ్రెప్ (ఫైల్లో మాట వెతికే కమాండ్) వేశాం. ఒక్కటీ దొరక్కూడదు. ఈ పరీక్షను ప్రతి రిలీజ్‌కీ నడిచేలా ఉంచాం.

దశ 3: బీక్రిప్ట్, 72 బైట్ల గోడ

అప్లికేషన్ వైపు కూడా మొదట బీక్రిప్టే పెట్టాం. నీల్స్ ప్రోవోస్, డేవిడ్ మాజియేర్ 1999లో ప్రచురించింది ఇంకా గట్టిగానే ఉంది. 60 అక్షరాల్లో అన్నీ ఇమిడిపోతాయి: $2బీ$12$ అనే ఏడు, సాల్ట్‌కి 22, హ్యాష్‌కి 31. ఇంగ్లిష్ పాస్‌వర్డ్‌లతో అంతా సజావుగా నడిచింది. తెలుగు ఖాతాల దగ్గర గోడ తగిలింది.

బీక్రిప్ట్ మొదటి 72 బైట్లే చదువుతుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు. ఒత్తు, గుడి, కొమ్ము, సున్నా, పొల్లు అన్నీ వేరు వేరు గుర్తులే. అంటే 24 గుర్తులు దాటితే మిగతాది గాలికి పోతుంది. టెస్ట్‌లో వాడిన పాస్‌వర్డ్ ఇది:

చెరువుగట్టుమీదచింతచెట్టుకింద

"చింతచెట్టు" దాకా లెక్కపెట్టండి: చ, ఎత్వం, ర, కొమ్ము, వ, కొమ్ము, గ, ట, పొల్లు, ట, కొమ్ము, మ, దీర్ఘం, ద, చ, గుడి, సున్నా, త, చ, ఎత్వం, ట, పొల్లు, ట, కొమ్ము. సరిగ్గా 24 గుర్తులు, 72 బైట్లు. "కింద" అన్న మాటను బీక్రిప్ట్ చూడనే లేదు. "చెట్టుపైన" అన్నా తలుపు తెరుచుకుంది, "చెట్టు" దగ్గర ఆపినా తెరుచుకుంది. పైకి చూస్తే అది పదమూడు అక్షరాల మాటల వరుస. దీన్ని ఇంగ్లిష్‌లో మాత్రమే పరీక్షించేవాళ్లకి 73 అక్షరాల పాస్‌వర్డ్ ఎప్పుడూ ఎదురుకాదు. తెలుగులో నాలుగు మాటలు కలిపితే చాలు, గోడ వచ్చేస్తుంది. పైథాన్ బీక్రిప్ట్ లైబ్రరీ 5.0 నుంచి 72 బైట్లు దాటితే ఎర్రర్ ఇస్తోంది, అంతకుముందు వెర్షన్లు చప్పుడు చేయకుండా కోసేసేవి.

దీనికి అందరూ చెప్పే మందు: ముందు ఎస్‌హెచ్‌ఏ-256 అనే వేగమైన హ్యాష్ చేసి, ఆ ఫలితాన్ని బీక్రిప్ట్‌కి ఇవ్వడం. ఇచ్చి చూశాం, దాంట్లో ఇంకో గొయ్యి ఉంది. ఎస్‌హెచ్‌ఏ-256 ముడి ఫలితం 32 బైట్లు. వాటిలో ఏదో ఒకటి సున్నా బైట్ కావచ్చు. పాస్‌వర్డ్‌ను సీ భాష స్ట్రింగ్‌లా చదివే అమలుల్లో సున్నా బైట్ అంటే "ఇక్కడితో ముగిసింది" అని అర్థం. మొదటి బైటే సున్నా అయ్యే అవకాశం 256లో 1. అంటే 20,000 ఖాతాల్లో సగటున 78 ఖాతాలు ఖాళీ పాస్‌వర్డ్‌తో సమానం. ఎక్కడో ఒకచోట సున్నా వచ్చే అవకాశం దాదాపు నూటికి 12. ముడి బైట్లు కాకుండా బేస్64 (బైట్లను మామూలు అక్షరాలుగా రాసే పద్ధతి) చేసి 44 అక్షరాలుగా ఇస్తే ఈ గొయ్యి పూడుతుంది.

అది చేసి బీక్రిప్ట్‌తోనే ఉండిపోవచ్చు, తప్పు కాదు. కానీ కోయడం, చుట్టడం, బేస్64 అనే మూడు అతుకుల మీద నిలబడే కోడ్‌ని రేపు వచ్చేవాళ్లు ఏదో ఒక అతుకు ఊడదీస్తారు. పొడవు బాధ లేని ఆర్గాన్2ఐడీకి మారాం.

దశ 4: ఆర్గాన్2ఐడీ, మెమరీ దగ్గర పడ్డ దెబ్బ

2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో గెలిచింది ఆర్గాన్2. 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9106 అనే ఇంటర్నెట్ పత్రంగా వచ్చింది. దీని బలం మెమరీ: ఒక్కో ప్రయత్నానికి ఇన్ని ఎంబీలు కావాలంటే గ్రాఫిక్స్ కార్డులో వేల ప్రయత్నాలు ఒకేసారి నడపడం కష్టం. అయితే అదే మెమరీ మన సర్వర్‌కి కూడా కావాలి. ఈ రెండో సగం మొదట పట్టించుకోలేదు.

ఆర్గాన్2-సీఎఫ్ఎఫ్ఐ తనంతట తాను వేసుకునే విలువలు: మెమరీ 64 ఎంబీ, 3 చుట్లు, 4 దారాలు (థ్రెడ్లు). అప్లికేషన్ కంటెయినర్‌కి ఇచ్చింది 2 జీబీ. ఒకేసారి 40 లాగిన్లు వదిలాం. 40 × 64 = 2,560 ఎంబీ. కంటెయినర్ కూలిపోయింది. లాగ్‌లో ఎర్రర్ లేదు, ట్రేస్‌బ్యాక్ లేదు, ఒట్టి ఎగ్జిట్ కోడ్ 137. అది కనిపిస్తే కోడ్‌లో వెతకడం ఆపి మెమరీ చూడాలి, మెమరీ చాలక కెర్నల్ చంపేసినప్పుడు కనిపించే అంకె అది. ఇంకో ప్రమాదం ఏమిటంటే పాస్‌వర్డ్ తప్పయినా మెమరీ ఖర్చు అంతే. ఖాతా కూడా లేనివాడు 40 తప్పుడు లాగిన్లతో సర్వర్‌ని పడగొట్టగలడు.

మార్చినవి:

1. మెమరీ 19 ఎంబీ, 2 చుట్లు, 1 దారం. వెబ్ భద్రతా సంస్థ ఓడబ్ల్యూఏఎస్‌పీ కనీసంగా చెప్పే విలువలే. 40 లాగిన్లకు 760 ఎంబీ.
2. అయినా హద్దు ఉండాలి కాబట్టి సెమఫోర్‌తో ఒకేసారి 8 హ్యాష్‌లకే అనుమతి. గరిష్ఠంగా 152 ఎంబీ. మిగతావి వరుసలో నిలబడతాయి.
3. అసింక్ సర్వర్ కాబట్టి హ్యాషింగ్‌ను థ్రెడ్ పూల్‌కి తోశాం. తోయకముందు ఒక లాగిన్ నడుస్తుంటే మిగతా రిక్వెస్టులన్నీ ఆగి చూస్తున్నాయి.
4. పాస్‌వర్డ్ పొడవుకు 1,024 బైట్ల హద్దు. బైట్లు, అక్షరాలు కాదు. దాటితే హ్యాష్ దాకా పోనివ్వం. 2013లో పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోకి ఇలాంటి సమస్యే వచ్చింది: మెగాబైట్ల కొద్దీ పొడవున్న పాస్‌వర్డ్ పంపి సర్వర్‌ను కట్టేయొచ్చని తేలాక వాళ్లు 4,096 బైట్ల హద్దు పెట్టారు.

టెస్ట్ మెషీన్ మీద ఈ విలువలతో ఒక హ్యాష్‌కి సుమారు 30 మిల్లీసెకన్లు. 4 కోర్లతో సెకనుకు 130 లాగిన్ల దాకా వస్తుంది, సరిపోయింది.

కాలమ్ వెడల్పు దగ్గర చిన్న తప్పు. బీక్రిప్ట్ కోసం వర్‌చార్(60) చేసి ఉంచిన కొత్త కాలమ్ అలాగే ఉండిపోయింది. ఆర్గాన్2ఐడీ స్ట్రింగ్ మన విలువలతో ఇలా ఉంటుంది: $ఆర్గాన్2ఐడీ$వీ=19$ఎం=19456,టీ=2,పీ=1$, తర్వాత సాల్ట్ 22 అక్షరాలు, ఇంకో డాలర్, హ్యాష్ 43 అక్షరాలు. మొత్తం 97. పోస్ట్‌గ్రెస్ "పట్టదు" అని ఎర్రర్ ఇచ్చింది కాబట్టి బతికిపోయాం. స్ట్రిక్ట్ మోడ్ ఆపేసిన మైఎస్‌క్యూఎల్ అయితే 60 దగ్గర కోసి దాచేస్తుంది, ఆ యూజర్ ఇక ఎప్పటికీ లోపలికి రాలేడు. కాలమ్‌ను టెక్స్ట్ చేశాం. సాల్ట్‌కి వేరే కాలమ్ అక్కర్లేదు, అది ఆ స్ట్రింగ్‌లోనే ఉంది. వీ=19 చూసి కంగారు పడకండి, హెక్స్‌లో అది 13, అంటే వెర్షన్ 1.3.

దశ 5: పాత ఎండీ5ని చుట్టడం

యూజర్ లాగిన్ అయినప్పుడే కొత్త హ్యాష్ చేస్తామంటే, రానివాళ్ల ఎండీ5 ఏళ్లకేళ్లు అలాగే ఉంటుంది. కాబట్టి ఉన్న ఎండీ5 స్ట్రింగ్‌నే పాస్‌వర్డ్ అనుకుని ఆర్గాన్2ఐడీలో చుట్టాలి. స్కీమ్ అనే చిన్న అంకె కాలమ్ పెట్టాం: 0 ఒట్టి ఎండీ5, 1 చుట్టిన ఎండీ5, 2 నేరుగా ఆర్గాన్2ఐడీ.

1. మూడు స్కీమ్‌లూ తెలిసిన కోడ్‌ను ముందు అన్ని సర్వర్లకూ ఎక్కించాలి.
2. ఆ తర్వాతే చుట్టే స్క్రిప్ట్. 500 వరుసల చొప్పున.
3. అప్‌డేట్‌కి షరతు: స్కీమ్ ఇంకా 0 అయి, ఎండీ5 విలువ మనం చదివినదే అయితేనే. మధ్యలో ఎవరైనా పాస్‌వర్డ్ మార్చుకుని ఉంటే వాళ్లది తొక్కేయకూడదు.
4. లాగిన్ అయినవాళ్లను అక్కడికక్కడే స్కీమ్ 2కి మార్చడం. దీనికీ అదే షరతు.

మొదటిసారి 1, 2 తారుమారయ్యాయి. రెండు సర్వర్లలో ఒకదాంట్లో పాత కోడ్ ఉండగానే స్క్రిప్ట్ మొదలైంది. చుట్టిన ఖాతాలకు లాగిన్ ఒకసారి అయింది, ఒకసారి కాలేదు, లోడ్ బ్యాలెన్సర్ ఎటు పంపితే అటు. బ్యాకప్ నుంచి తెచ్చి మళ్లీ మొదలుపెట్టాం. 20,000 × 30 మిల్లీసెకన్లు, ఒక కోర్ మీద 10 నిమిషాలు.

చుట్టాక 20,000 పాస్‌వర్డ్‌లతోనూ లాగిన్ ఆడిస్తే 340 ఫెయిల్. పాత కోడ్‌లో ఖాతా పుట్టే దారులు మూడున్నాయి, ఒక్కో దారిలో ఒక్కో విడ్డూరం.

- 210 ఖాతాల ఎండీ5 పెద్ద అక్షరాల్లో ఉంది, ఒక ఇంపోర్ట్ స్క్రిప్ట్ అలా రాసేది. అప్పట్లో ఇది మైఎస్‌క్యూఎల్ మీద ఉండేది, అక్కడ పోలిక పెద్దాచిన్నా పట్టించుకోదు కాబట్టి నడిచిపోయింది. ఆర్గాన్‌కి పెద్ద ఏ, చిన్న ఏ వేరు వేరు బైట్లు. చుట్టేముందు అన్నిటినీ చిన్న అక్షరాల్లోకి దించాలి.
- 95 ఖాతాల పాస్‌వర్డ్‌లో ఆంపర్‌సాండ్ (&) ఉంది. పాత ఫారం దాన్ని హెచ్‌టీఎంఎల్ ఎస్కేప్ చేసి (& గా మార్చి), ఆ తర్వాత ఎండీ5 చేసేది.
- 35 ఖాతాల పాస్‌వర్డ్ చివర ఖాళీ ఉంది, పాత కోడ్ దాన్ని కత్తిరించేది.

చివరి రెండూ చుట్టడంలో తప్పులు కావు, లాగిన్‌లో తప్పులు. స్కీమ్ 1 దారిలో పాత ఎస్కేపింగ్, కత్తిరింపు ఉన్నదున్నట్టు తిరిగి పెట్టాం. స్కీమ్ 2 దారిలో అవి ఉండకూడదు. ఈ రెండు దారులనూ ఒకే ఫంక్షన్‌లో ఇరికించాలని చూడకండి.

చుట్టిన ఎండీ5 కూడా శాశ్వత మజిలీ కాదు. అదే యూజర్ అదే పాస్‌వర్డ్‌ను ఇంకోచోట కూడా వాడి, అక్కడి నుంచి సాల్ట్ లేని ఎండీ5 లీకై ఉంటే, దొంగ ఆ ఎండీ5నే నేరుగా మన ఆర్గాన్ మీద వేసి చూస్తాడు. సరిపోతే ఇక మిగిలిన పని ఎండీ5 వేగంతో సాగుతుంది. అందుకే స్కీమ్ 1కి గడువు పెట్టాం: 180 రోజులు. అప్పటికీ లాగిన్ కానివాళ్ల హ్యాష్ తీసేసి, పాస్‌వర్డ్ రీసెట్ దారికి పంపాలి.

లేని యూజర్ పేరుతో వస్తే 2 మిల్లీసెకన్లలో, ఉన్న పేరుతో వస్తే 30 దాటి జవాబు వెళ్తోంది. పేరు ఉందో లేదో అలా తెలిసిపోతుంది. లేని పేరుకి కూడా ఒక ఉత్తుత్తి హ్యాష్ మీద వెరిఫై నడిపాం. ఆ ఉత్తుత్తి హ్యాష్‌ను ఇప్పటి విలువలతోనే చేయాలి. పాత 64 ఎంబీ విలువలతో చేసినది మిగిలిపోయి, ఒక రోజంతా తేడా ఎదురు దిక్కున కనిపించింది.

ఇప్పటిదాకా లెక్క: స్కీమ్ 0లో 0. లాగిన్ ఆడించడం అయ్యాక బ్యాకప్ తెచ్చి, 14,000 మందినే లోపలికి పంపాం. స్కీమ్ 2లో 14,000, స్కీమ్ 1లో 6,000. కొత్త కాలమ్ 97 × 20,000 = 19,40,000 అక్షరాలు, పాతదానికి మూడింతలు. టేబుల్ సైజు గురించి ఎవరైనా బెంగపడితే, అది 2 ఎంబీ.

దశ 6: ఐత్వం ఒకటా, రెండా

"హైదరాబాద్" అనే మాటలో ఐత్వం యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే గుర్తుగా యూ+0సీ48. లేదా రెండు గుర్తులుగా, ఎత్వం యూ+0సీ46, దాని కింద ఐత్వపు తోక యూ+0సీ56. తెరమీద తేడా లేదు. బైట్లలో మొదటిది ఈ0 బీ1 88. రెండోది ఈ0 బీ1 86 ఈ0 బీ1 96. మాట మొత్తం ఒకచోట 27 బైట్లు, ఇంకోచోట 30. హ్యాష్‌కి అవి వేరు వేరు ఊళ్లు.

ఐత్వం ఉన్న 90 ఖాతాలను రెండు రూపాల్లోనూ ఆడించాం. పెట్టిన రూపంలో 90కి 90 పాస్, రెండో రూపంలో 90కి 90 ఫెయిల్. పాస్‌వర్డ్ పెట్టెలో చుక్కలే కనిపిస్తాయి కాబట్టి యూజర్‌కి ఏం జరిగిందో తెలిసే దారి లేదు. "సరిగ్గానే కొట్టాను, రావట్లేదు" అంటాడు, అతను చెప్పేది నిజమే.

1. స్కీమ్ 2లోకి వెళ్లే ప్రతి పాస్‌వర్డ్‌ను ముందు ఎన్‌ఎఫ్‌సీకి (యూనికోడ్ చెప్పే ఒక ప్రామాణిక రూపం) మార్చాలి. రెండు గుర్తుల ఐత్వం ఒకటైపోతుంది.
2. జీరో విడ్త్ నాన్ జాయినర్, జాయినర్ రెండూ తీసేయాలి. "సాఫ్ట్‌వేర్" అని రాయడానికి కొన్ని కీబోర్డులు మధ్యలో కనిపించని గుర్తు పెడతాయి, కొన్ని పెట్టవు. ఎన్‌ఎఫ్‌సీ దాన్ని ముట్టుకోదు, మనమే తీయాలి.
3. ఆ తర్వాతే యూటీఎఫ్-8 బైట్లు, 1,024 హద్దు, హ్యాష్.

ఇక్కడ తప్పు ఏం జరిగిందంటే, ఈ శుద్ధి మొత్తాన్ని ఫంక్షన్ మొదట్లో, స్కీమ్ చూడకముందే పెట్టాం. స్కీమ్ 1 ఖాతాల ఎండీ5 శుద్ధి చేయని బైట్ల మీద పుట్టింది. కనిపించని గుర్తుతో పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లంతా బయట ఉండిపోయారు. సరిచేశాక స్కీమ్ 1కి వరుస ఇలా ఉంది: వచ్చిన బైట్లు ఉన్నవి ఉన్నట్టు, అది కుదరక ఎన్‌ఎఫ్‌సీ రూపం వేరుగా ఉంటే దాంతో ఒక్కసారి. ఏది సరిపోయినా, శుద్ధి చేసిన రూపంతో స్కీమ్ 2.

తెలుగు అంకెలను ఇంగ్లిష్ అంకెలుగా మార్చాలా అన్న మాట వచ్చింది. మార్చలేదు. ఇంకాస్త ఎక్కువ కలిపేసే ఎన్‌ఎఫ్‌కేసీ రూపం కూడా ౧ని 1 చేయదు, చేత్తో రాసుకోవాలి. ఎవరో కావాలని ౧౯౮౭ పెట్టుకుంటే అది వాళ్ల తెలివి.

దశ 7: పాత కాలమ్ తీసేశాం, పోలేదు

అన్ని పరీక్షలూ అయ్యాక పాత చార్(32) కాలమ్‌ను డ్రాప్ చేశాం. టేబుల్‌లో లేదు. పీజీ_రిలేషన్_ఫైల్‌పాత్‌తో టేబుల్ ఫైల్ ఎక్కడుందో అడిగి, చెక్‌పాయింట్ చేసి, ఆ ఫైల్ మీద ఈ10ఏడీసీ39 కోసం గ్రెప్ వేశాం. ఉన్నాయి, నిక్షేపంగా.

పోస్ట్‌గ్రెస్‌లో డ్రాప్ కాలమ్ అంటే కాలమ్‌ను కనిపించకుండా చేయడమే. ఉన్న వరుసలను అది తిరగరాయదు. పైగా అప్‌డేట్ చేసిన ప్రతిసారీ పాత వరుస చోటులోనే ఉండి కొత్త వరుస పక్కన పుడుతుంది. చుట్టినప్పుడొకటి, స్కీమ్ 2కి మారినప్పుడొకటి. మామూలు వాక్యూమ్ ఆ చోటు మళ్లీ వాడుకోవచ్చని గుర్తు పెడుతుంది తప్ప టేబుల్ ఫైల్‌ను కొత్తగా రాయదు. వాక్యూమ్ ఫుల్ నడిపితే టేబుల్ కొత్త ఫైల్‌లోకి రాయబడుతుంది, తీసేసిన కాలమ్ విలువలు రావు. నడిపాం, మళ్లీ గ్రెప్ వేశాం, ఖాళీ. అది నడుస్తున్నంతసేపూ టేబుల్‌ను ఎవరూ చదవలేరు కూడా, కాబట్టి వేళ చూసుకోవాలి.

తర్వాత ఇంకా వెతికిన చోట్లు, దొరికిన వరుసలో:

- ఆడిట్ టేబుల్. యూజర్ల టేబుల్ మీద ట్రిగ్గర్ ఉంది, మారిన ప్రతి వరుస పాత రూపాన్ని జేసన్‌గా దాస్తుంది. చుట్టే స్క్రిప్ట్ నడిచినప్పుడు 20,000 ఎండీ5లనూ శ్రద్ధగా కాపీ చేసి పెట్టింది. ట్రిగ్గర్ నుంచి ఆ కాలమ్ మినహాయించి, ఆడిట్ వరుసల్లోంచి ఆ కీ తీసేసి, దానికీ వాక్యూమ్ ఫుల్.
- వాల్ ఆర్కైవ్ (డేటాబేస్‌లో ప్రతి మార్పునూ రాసే లాగ్ నిల్వ), రాత్రి బ్యాకప్‌లు. వీటిని తిరగరాయలేం. నిల్వ గడువు 30 రోజులు, అది గడిచేదాకా "ఎండీ5 పోయింది" అని ఎక్కడా రాయకూడదని పెట్టుకున్నాం.
- రిమెంబర్ మీ టోకెన్ (మళ్లీ లాగిన్ అడగకుండా గుర్తుంచే కోడ్). పాత కోడ్ యూజర్ పేరునూ పాస్‌వర్డ్‌నూ కలిపి ఎండీ5 చేసి కుకీలోనూ సెషన్ల టేబుల్‌లోనూ పెట్టేది.

చివరిది చూసి ఒళ్లు జలదరించింది. 2015లో యాష్లీ మాడిసన్ అనే డేటింగ్ సైట్ డేటా బయటపడినప్పుడు పాస్‌వర్డ్‌లు కాస్ట్ 12 బీక్రిప్ట్‌లో ఉన్నాయి. ఎవరూ ఏం చేయలేరనుకున్నారు. ఆ పక్కనే లాగిన్ టోకెన్లు ఎండీ5తో, పాస్‌వర్డ్ కలిపి చేసినవి ఉన్నాయి. సైనోష్యూర్ ప్రైమ్ అనే బృందం బీక్రిప్ట్‌ను నేరుగా పగలగొట్టే పని పెట్టుకోకుండా ఆ టోకెన్ల మీద పడి, 1.1 కోట్లకు పైగా పాస్‌వర్డ్‌లు విప్పింది. టోకెన్ల టేబుల్ మొత్తం ఖాళీ చేసి, 32 యాదృచ్ఛిక బైట్ల కొత్త టోకెన్లు పెట్టాం. వాటికి పాస్‌వర్డ్‌తో ఏ చుట్టరికమూ లేదు. టేబుల్‌లో దాచేది ఆ టోకెన్ ఎస్‌హెచ్‌ఏ-256 మాత్రమే. యాదృచ్ఛిక బైట్లకు నెమ్మదైన హ్యాష్ అక్కర్లేదు, ఊహించడానికి అక్కడ ఏమీ లేదు.

దశ 8: డేటాబేస్ సొంత లాగిన్లు

యూజర్ల టేబుల్‌ను ఇంత తోమి, ఆ టేబుల్‌ను తెరిచే డేటాబేస్ పాస్‌వర్డ్ ఎలా ఉందని డేటాబేస్ లాగిన్లు (రోల్స్) ఉండే పీజీ_ఆథ్‌ఐడీ టేబుల్‌లో రోల్‌పాస్‌వర్డ్ చూశాం. ఐదు రోల్స్‌లో నాలుగు ఎండీ5. పాత వెర్షన్ల నుంచి అప్‌గ్రేడ్ అవుతూ వచ్చిన సర్వర్లలో ఇది మామూలే.

ఇది 35 అక్షరాలు: ఎండీ5 అనే మూడు, తర్వాత 32. సాల్ట్ రోల్ పేరే. అందుకే రోల్ పేరు మారిస్తే పాస్‌వర్డ్ ఎగిరిపోతుంది. అసలు ప్రమాదం పగలగొట్టడంలో కాదు. ఆ పద్ధతిలో లాగిన్‌కి కావాల్సింది ఈ దాచిన విలువే, అది దొరికినవాడు పాస్‌వర్డ్ తెలియకుండానే లోపలికి రావచ్చు. 2017లో వెర్షన్ 10తో వచ్చిన స్క్రామ్-ఎస్‌హెచ్‌ఏ-256 అనే లాగిన్ పద్ధతిలో ఆ దారి లేదు, దాచిన కీతో లాగిన్ అవలేరు. వెర్షన్ 14 నుంచి కొత్త పాస్‌వర్డ్‌లకు అదే. దాచిన స్ట్రింగ్ 133 అక్షరాలు, చుట్లు 4,096. వెర్షన్ 16లో ఆ అంకె పెంచుకోవచ్చు.

1. పాస్‌వర్డ్_ఎన్‌క్రిప్షన్ విలువ స్క్రామ్-ఎస్‌హెచ్‌ఏ-256 అని ఉందో చూడాలి. పాత కాన్ఫిగ్ ఫైల్లో ఎండీ5 అని మిగిలి ఉండొచ్చు. మాది అలాగే ఉంది.
2. ఒక్కో రోల్‌కి పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ పాస్‌వర్డ్ కమాండ్‌తో పాస్‌వర్డ్ మళ్లీ పెట్టాలి. అది క్లయింట్ వైపే హ్యాష్ చేసి పంపుతుంది. ఆల్టర్ రోల్‌లో పాస్‌వర్డ్ నేరుగా రాస్తే రెండో దశలో చూసిన లాగ్ కథే.
3. రోల్‌పాస్‌వర్డ్ అన్నీ స్క్రామ్‌తో మొదలవుతున్నాయో చూడాలి.
4. అన్ని క్లయింట్లూ కనెక్ట్ అవుతున్నాయో చూసి, చివరిగా, ఎవరు ఏ పద్ధతిలో లాగిన్ కావాలో చెప్పే పీజీ_హెచ్‌బీఏ ఫైల్లో ఎండీ5 లైన్లను స్క్రామ్‌గా మార్చి రీలోడ్.

3కి ముందు 4 చేస్తే ఎండీ5 మిగిలిన రోల్స్ అన్నీ లాగిన్ కాలేక బయటే ఉండిపోతాయి. తిరగేసి చేస్తే నష్టం లేదు, ఎండీ5 అని రాసి ఉన్న లైన్ కూడా స్క్రామ్ పాస్‌వర్డ్ ఉన్న రోల్‌తో స్క్రామ్‌లోనే మాట్లాడుతుంది.

నాలుగు రోల్స్‌లో మూడు ఇబ్బంది లేకుండా మారాయి. నాలుగోది రిపోర్టుల మెషీన్‌ది. "అథెంటికేషన్ మెథడ్ 10 నాట్ సపోర్టెడ్" అని ఆగింది. పాస్‌వర్డ్ తప్పు కాదు, అక్కడి లిబ్‌పీక్యూ (పోస్ట్‌గ్రెస్‌కి కనెక్ట్ చేసే లైబ్రరీ) వెర్షన్ 10 కంటే పాతది, స్క్రామ్ అంటే ఏమిటో దానికి తెలియదు. సిస్టమ్‌లో కొత్తది పెట్టినా మారలేదు, పైథాన్ డ్రైవర్ తన పాత కాపీని తనలోనే మోసుకొచ్చింది. డ్రైవర్‌నే కొత్త వెర్షన్‌కి మార్చాక కనెక్ట్ అయింది.

ఇప్పటిదాకా లెక్క: డేటాబేస్ రోల్స్ 5కి 5 స్క్రామ్. స్కీమ్ 2లో 14,000, స్కీమ్ 1లో 6,000, గడువు 180 రోజులు. బ్యాకప్‌లలో ఎండీ5 ఇంకా 30 రోజులు ఉంటుంది. రిపోర్టుల మెషీన్ కోసం తాత్కాలికంగా ఉంచిన ఎండీ5 లైన్ పీజీ_హెచ్‌బీఏలో ఒకటి ఇంకా ఉంది, రేపు పొద్దున తీసేయాలి.